అరిస్టాటిల్‌ను సాక్ష్యానికి పిలిచిన పిల్లలు

మ్యూనిక్‌లో క్యోనిగ్స్‌ప్లాట్జ్ మధ్యలో నిలబడితే ఇది జర్మనీయేనా అని అనుమానం వస్తుంది. ఉత్తరాన అయోనిక్ స్తంభాల గ్లిప్టోథెక్, దానికి ఎదురుగా కొరింథియన్ స్తంభాల మ్యూజియం, పడమటి కొసన డోరిక్ స్తంభాల ప్రొపిలేయన్ ద్వారం. బవేరియా రాజు మొదటి లుడ్విగ్‌కు గ్రీసు అంటే అంత పిచ్చి. ఆయన కొడుకు ఆటో 1832లో ఏకంగా గ్రీసుకే రాజయ్యాడు. జర్మనీలో చదువుకున్న ఇంట పుట్టిన పిల్లవాడికి హోమర్, ప్లేటో, సోఫోక్లిస్ బడిలోనే పరిచయమయ్యేవారు. ఐరోపాలో గ్రీకు చదువుకు పెద్ద పీట ఎక్కడ అని అడిగితే జర్మన్ విశ్వవిద్యాలయాలనే చూపించేవారు.

1933 మే 10 రాత్రి ఆ స్తంభాల మధ్యే పుస్తకాలు తగలబెట్టారు. అల్లరిమూకలు కాదు, విద్యార్థులు. రెండేళ్ల తర్వాత అక్కడి పచ్చికను పీకేసి, గ్రానైట్ పలకలు పరిచి, కవాతు మైదానం చేశారు.

అంతకు పధ్నాలుగేళ్ల కిందట, 1919 ఆగస్టులో, ఆ దేశం ఒక రాజ్యాంగం రాసుకుంది. దాని 109వ అధికరణం జర్మన్లందరూ చట్టం ముందు సమానులన్నది. ఆడా మగా పౌరులుగా ఒకటేనన్నది. 48వ అధికరణం మాత్రం, అత్యవసరమైతే అధ్యక్షుడు ఆ హక్కుల్లో ముఖ్యమైన కొన్నింటిని పక్కన పెట్టవచ్చన్నది. ఒక చేత్తో ఇచ్చినదాన్ని ఇంకో చేత్తో తీసుకునే వీలు అక్కడే ఉంది. ప్లేటో ‘రిపబ్లిక్’ ఎనిమిదో పుస్తకం చదివినవాళ్లకు తర్వాతి కథ కొత్త కాదు. నియంత మొదట ప్రజల రక్షకుడిగానే వస్తాడనీ, రాగానే తనకు అంగరక్షకులు కావాలని అడుగుతాడనీ, ఆ తర్వాత ఎప్పుడూ ఏదో ఒక యుద్ధం పెట్టుకుంటాడనీ ప్లేటో రాశాడు. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. నెల తిరక్కుండానే ప్రష్యాలో అతని పార్టీ దళాలు సహాయ పోలీసులయ్యాయి. ఫిబ్రవరి 28న అత్యవసరం పేరిట హక్కులు పోయాయి. మార్చి 23న, కమ్యూనిస్టు సభ్యులెవరినీ సభకు రానివ్వకుండా, పార్లమెంటు తన అధికారాన్ని తానే అప్పగించేసింది. కాదన్న ఓట్లు 94. అవన్నీ సోషల్ డెమొక్రాట్లవే.

పార్లమెంటు పడిపోయిన తీరు చాలామంది రాశారు. నన్ను కలవరపెట్టేది పండితులు పడిపోయిన తీరు. వాళ్లను ఎవరూ తోయలేదు.

జాతివాద సిద్ధాంతి హాన్స్ గుంటర్ 1928లోనే ప్లేటో మీద ఒక పుస్తకం రాసి, ఆయన్ని జాతి శుద్ధికి గురువుగా నిలబెట్టాడు. ప్లేటోలో అందుకు సందు లేదని చెప్పలేం. పాలకవర్గంలో ఎవరు ఎవరితో పిల్లల్ని కనాలో రాజ్యమే నిర్ణయించాలని ఆయన రాశాడు. ఎవరి పని వారు చేయడమే న్యాయమన్నాడు. ఆ పని ఏదో నిర్ణయించేవాడు దుర్మార్గుడైతే ఏమిటి గతి అన్న ప్రశ్న మాత్రం గుంటర్‌కు రాలేదు. హిట్లర్‌కు నచ్చిన గ్రీసు స్పార్టా. బలహీన శిశువుల్ని బతకనివ్వని స్పార్టా.

ఫ్రైబుర్గ్‌లో మార్టిన్ హైడెగ్గర్ 1933 మే 1న పార్టీలో చేరి, మే 27న విశ్వవిద్యాలయ రెక్టార్‌గా ప్రసంగించాడు. ఆ ప్రసంగం ముగిసింది ‘రిపబ్లిక్’లోని ఒక మాటతో. అదే విశ్వవిద్యాలయంలో లాటిన్ చెప్పిన మహాపండితుడు ఎడ్వర్డ్ ఫ్రెంకెల్ యూదుడు గనుక అదే ఏడాది ఉద్యోగం పోగొట్టుకుని, ఇంగ్లండు చేరాడు. మరుసటి ఏడాది హైడెగ్గర్ రెక్టార్ పదవి వదిలేస్తే, సిరక్యూస్ నుంచి వచ్చేశావా అని ఓ సహోద్యోగి పలకరించాడని చెబుతారు. సిరక్యూస్ నియంత డయోనిసియస్ కొలువుకు వెళ్లి ప్లేటో భంగపడ్డ కథ గ్రీకు చదివినవాళ్లందరికీ తెలుసు. తెలిసీ ఆ దారినే వెళ్లారు.

కౌరవసభలో భీష్ముడు, ద్రోణుడు, కృపుడు తలలు దించుకుని కూర్చుంటే లేచి మాట్లాడినవాడు వికర్ణుడు, వయసులో చిన్నవాడు. ధర్మం సూక్ష్మమైనదని పెద్దలు తప్పించుకున్న చోట అతనికి ఏ సూక్ష్మమూ అడ్డు రాలేదు. మ్యూనిక్‌లో కూడా అలాగే జరిగింది.

హాన్స్ షోల్ వైద్య విద్యార్థి. ఒకప్పుడు హిట్లర్ యువజన దళంలో ఉత్సాహంగా తిరిగినవాడే. న్యూరెంబర్గ్ పార్టీ మహాసభకు జెండా మోసుకెళ్లినవాడే. పుట్టుకతో అతను వీరుడు కాడు. చూసి, విని, సిగ్గుపడి మారినవాడు. అతని స్నేహితుడు అలెగ్జాండర్ ష్మోరెల్ రష్యాలో, రష్యన్ తల్లికి పుట్టాడు. 1942 వేసవిలో ఈ ఇద్దరూ, హార్లాహింగ్‌లో అలెక్స్ తండ్రి ఇంట్లో టైపుమిషను ముందు కూర్చుని, ‘తెల్ల గులాబీ’ పేరుతో కరపత్రాలు రాశారు. జూన్ 27 నుంచి జూలై 12 లోపల నాలుగు. ఒక్కొక్కటి దాదాపు వంద ప్రతులు. సైక్లోస్టయిల్ తీసి, టెలిఫోన్ డైరెక్టరీలో చిరునామాలు వెదికి, ప్రొఫెసర్లకు, డాక్టర్లకు, బడిపంతుళ్లకు పోస్టులో పంపారు. చదువుకున్నవాళ్లు కదా, అర్థం చేసుకుంటారనుకున్నారు. వాటిలో చాలా ప్రతుల్ని అందుకున్నవాళ్లే తీసుకెళ్లి పోలీసులకు అప్పగించారు.

మొదటి కరపత్రంలో షిల్లర్ ఉన్నాడు. లైకర్గస్, సోలోన్‌ల శాసనాల మీద ఆయన రాసిన వ్యాసం నుంచి ఒక పెద్ద భాగం ఎత్తి పెట్టారు. స్పార్టా శాసనకర్త రాజ్యాన్ని లక్ష్యం చేసి మనిషిని పనిముట్టు చేశాడనీ, మనిషి ఎదగడానికి పనికిరాని రాజ్యం ఎంత గట్టిగా నిలబడ్డా నిందకే తగినదనీ షిల్లర్ వాదన. నాజీల స్పార్టాకు జవాబు జర్మన్ల మహాకవి నోటితోనే చెప్పించారన్నమాట. రెండో కరపత్రంలో పోలండులో 3 లక్షల మంది యూదుల్ని చంపేశారని రాశారు. తర్వాత మాకు తెలియదన్న దేశంలో, 1942 వేసవిలోనే పాతికేళ్లు నిండని వైద్య విద్యార్థులకు అది తెలుసు.

మూడో కరపత్రం చివర అరిస్టాటిల్ వస్తాడు. ఇక్కడ కాసేపు ఆగాలి.

‘రాజనీతి’ ఐదో పుస్తకంలో అరిస్టాటిల్ రాజ్యాలు ఎందుకు కూలతాయో వరసగా చెప్పుకొస్తాడు. ఏదో ఒక విషయంలో సమానులైనవాళ్లు అన్నిటా సమానత్వం అడుగుతారు, ఏదో ఒక విషయంలో మించినవాళ్లు అన్నిటా మించి కావాలంటారు, తగువులన్నీ ఇక్కడే పుడతాయంటాడు. తర్వాత నియంతలు తమ గద్దెను ఎలా కాపాడుకుంటారో రాస్తాడు. తిట్టడు, శపించడు, వైద్యుడు రోగలక్షణాలు రాసుకున్నట్టు రాస్తాడు. నియంతకు తన ప్రజల్లో ఎవరు ఏం మాట్లాడుతున్నారో, ఏం చేస్తున్నారో తెలియాలి. అందుకు సిరక్యూస్‌లో కబుర్లు మోసే ఆడవాళ్లుండేవారు. జనం గుమిగూడే చోటికల్లా హీరోన్ రాజు చెవులు రిక్కించేవాళ్లను పంపేవాడు. స్నేహితుల మధ్య తగవు పెట్టాలి, ఒక వర్గం మీదికి ఇంకో వర్గాన్ని ఎగదోయాలి. జనాన్ని పేదలుగా ఉంచాలి, పొట్ట గడుపుకోవడంలోనే పొద్దుపోవాలి, కుట్రకు తీరిక దొరకకూడదు. డయోనిసియస్ హయాంలో అయిదేళ్లలో జనం ఆస్తంతా పన్నుల్లోనే పోయింది. అన్నిటికీ మించి, నియంత యుద్ధాలు రేపుతూనే ఉండాలి, అప్పుడే జనానికి నాయకుడు కావాలనిపిస్తుంది.

ఆ విద్యార్థులు ఎత్తిరాసింది ఈ భాగాన్నే. వ్యాఖ్యానం అక్కర్లేకపోయింది. ప్రతి పేటలోనూ ఇళ్లమీద కన్నేసి ఉంచే పార్టీ మనిషి, పక్కింటివాడి మీద రహస్య పోలీసు గెస్టాపోకు చీటీ రాసే ఇంటాయన, మూడో ఏటికి చేరిన యుద్ధం, అన్నీ చదివేవాడి కిటికీ బయటే ఉన్నాయి. హిట్లర్ పేరు ఎత్తకుండానే హిట్లర్ బొమ్మ గీసిపెట్టాడు క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దపు మనిషి.

అరిస్టాటిల్‌ను నెత్తిన పెట్టుకోమనడం లేదు. కొందరు పుట్టుకతోనే బానిసలన్నవాడు ఆయన. ఆడదానికి ఆలోచించే శక్తి ఉన్నా దానికి అధికారం లేదన్నవాడు. షోల్ చెల్లెలు సోఫీకి తన నగరంలో కాస్త చోటు కూడా ఇచ్చి ఉండడు. ఆ సోఫీ 1942 మేలో జీవశాస్త్రం, తత్వశాస్త్రం చదవడానికి మ్యూనిక్ వచ్చింది. అన్నయ్య పని తెలిశాక తనూ అందులో దిగింది.

జూలై ఆఖర్న అబ్బాయిల్ని వైద్య సహాయకులుగా రష్యా యుద్ధరంగానికి పంపారు. దారిలో వార్సాలో యూదులను కుక్కిన గెట్టో చూశారు. నవంబరులో తిరిగొచ్చేసరికి మనుషులు మారిపోయారు. విల్లీ గ్రాఫ్ అనే విద్యార్థి తోడయ్యాడు. తత్వశాస్త్ర ప్రొఫెసర్ కుర్ట్ హూబర్ కూడా. చిన్నప్పటి జబ్బు వల్ల కాలు ఈడుస్తూ నడిచే ఆయన లైబ్నిజ్ మీద పాఠం చెబుతుంటే హాలు నిండిపోయేది. హూబర్ మచ్చలేని మనిషేమీ కాడు. 1940లో పార్టీ సభ్యత్వం తీసుకున్నాడు. పాతకాలపు జాతీయవాది, సైన్యమంటే గౌరవం. ఆ గౌరవం మీదే చివరికి పిల్లలతో మాటపట్టింపు వచ్చింది. ఆరో కరపత్రం ఆయన రాసిందే. అందులో సైన్యాన్ని పొగిడిన వాక్యాన్ని హాన్స్, అలెక్స్ కొట్టేశారు. ఆయన కోపంతో వెళ్లిపోయాడు. వాక్యం లేకుండానే కరపత్రం అచ్చయింది, ప్రాణం మాత్రం ఆయనదీ పోయింది.

ఆ కరపత్రం స్టాలిన్‌గ్రాడ్‌లో చనిపోయిన జర్మన్ సైనికులతో మొదలవుతుంది. 1943 జనవరి 30న నాజీ నేత గోరింగ్ రేడియోలో అక్కడ చస్తున్న సైనికుల్ని థర్మోపిలేలో నేలకొరిగిన లియోనిడాస్ స్పార్టా వీరులతో పోల్చాడు. ఇంకా బతికి ఉన్నవాళ్లకు అది సంతాప సభ. నాలుగు రోజులకే, ఫిబ్రవరి 3న, ఓటమి ప్రకటించారు. ఆ రాత్రే లుడ్విగ్ వీధి గోడల మీద ‘హిట్లర్ నశించాలి’, ‘స్వేచ్ఛ’ అన్న రాతలు లేచాయి.

అప్పటికి గెస్టాపోకు ముచ్చెమటలు పడుతున్నాయి. ఈ కరపత్రాలు రాస్తున్నదెవరు? భాష చూసి మనిషిని పట్టగల నిపుణుడు కావాలి. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలోనే దొరికాడు. రిచర్డ్ హార్డర్, గ్రీకు పండితుడు, ప్లోటినస్‌ను జర్మన్‌లోకి తెచ్చి పేరు తెచ్చుకున్నవాడు. ఫిబ్రవరి 17న, 18న ఆయన నివేదికలు రాసిచ్చాడు. రాసినవాడు బాగా చదువుకున్నవాడనీ, స్థాయి గలవాడనీ, విశ్వవిద్యాలయం గాలి పీల్చినవాడనీ తేల్చాడు. ఆయన ముందు పరిచిన కాగితాల్లో మూడోది అరిస్టాటిల్. దశాబ్దాల పాటు ఆ గ్రీకు చదివి బతికిన మనిషి, తన శాస్త్రాన్నంతా ఆ వాక్యాలను ఎత్తి రాసిన చేతిని పట్టుకోవడానికి వాడాడు. నియంతకు వేగులు కావాలని చెప్పిన పేరాను చదువుతూనే ఆ పని చేశాడు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే భయంగా కనిపించేది గిలోటిన్ కాదు, ఆ బల్ల.

పట్టించింది మాత్రం ఆయన నివేదిక కాదు. ఫిబ్రవరి 18, గురువారం ఉదయం అన్నాచెల్లెళ్లు సూట్‌కేసు నిండా ఆరో కరపత్రం తీసుకుని విశ్వవిద్యాలయానికి వెళ్లారు. క్లాసులు వదలక ముందే గదుల ముందు, మెట్ల మీద కట్టలు పెట్టారు. బయటికి వచ్చేసి, ఇంకా మిగిలాయని మళ్లీ లోపలికి వెళ్లారు. పై అంతస్తు పిట్టగోడ మీద పెట్టిన కట్టను సోఫీ తోసేసింది. కాగితాలు హాల్లోకి రాలిపడ్డాయి. యాకొబ్ ష్మిడ్ అనే భవన పరిచారకుడు చూసి పట్టుకున్నాడు. రెక్టార్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆ రెక్టార్ వాల్టర్ వ్యూస్ట్, ఎస్‌ఎస్ అధికారి, సంస్కృత పండితుడు, ఋగ్వేదం మీద పరిశోధన చేసినవాడు. వేదం చదివినా, గ్రీకు చదివినా ఆ రోజు అక్కడ పెద్ద తేడా ఏం పడలేదు.

హాన్స్ జేబులో స్నేహితుడు క్రిస్టోఫ్ ప్రోబ్‌స్ట్ చేత్తో రాసిన మరో కరపత్రం చిత్తుప్రతి ఉంది. దాన్ని చించబోయాడు. ముక్కలు దొరికాయి. ప్రోబ్‌స్ట్‌కు 23 ఏళ్లు, ముగ్గురు పిల్లలు. మూడో బిడ్డ పుట్టి నెల అయింది, తల్లికి బాలింత జ్వరం. ఆ ముక్కల్ని అతికించి అతన్నీ పట్టుకున్నారు. ఫిబ్రవరి 18 సాయంత్రమే బెర్లిన్‌లో ప్రచార మంత్రి గోబెల్స్ సంపూర్ణ యుద్ధం కావాలా అని అడుగుతుంటే హాలు హాలంతా లేచి కావాలని అరిచింది.

బెర్లిన్ నుంచి ‘ప్రజా న్యాయస్థానం’ అధిపతి రోలాండ్ ఫ్రైస్లర్ పని గట్టుకుని వచ్చాడు. ఫిబ్రవరి 22 ఉదయం విచారణ, మధ్యాహ్నానికి తీర్పు, సాయంత్రం అయిదు గంటలకు స్టాడెల్‌హైమ్ జైల్లో గిలోటిన్. పిల్లల తరఫున మాట్లాడనివ్వమని తండ్రి రాబర్ట్ షోల్ కోర్టులోకి చొచ్చుకొస్తే బయటికి గెంటారు. జైల్లో తల్లి మిఠాయి ఇస్తే సోఫీ సంతోషంగా తీసుకుంది; మధ్యాహ్నం ఏమీ తినలేదని చెప్పింది. జైలు నియమాలను పక్కనపెట్టి వార్డర్లు ముగ్గుర్నీ ఒకసారి కలవనిచ్చారు, ఒక సిగరెట్టు పంచుకున్నారు. సోఫీ వయసు 21. హాన్స్‌కు 24. అతను చివర్న ‘స్వేచ్ఛ వర్ధిల్లాలి’ అని అరిచింది జైలంతా వినిపించిందంటారు.

విశ్వవిద్యాలయంలో ఏం జరిగింది? విద్యార్థులు పెద్ద హాల్లో సభ పెట్టుకుని, పట్టించిన ష్మిడ్‌కు చప్పట్లు కొట్టారు, కాళ్లతో నేల తన్ని జేజేలు పలికారు. అతను చెయ్యి చాచి వందనం స్వీకరించాడు. బహుమతిగా 3,000 మార్కులు ముట్టాయి.

హూబర్, అలెక్స్, విల్లీ గ్రాఫ్ కూడా పట్టుబడ్డారు. వాళ్లున్న రెండో విచారణ ఏప్రిల్ 19న. కరపత్రంలో ఏముందో విన్న హూబర్ వకీలు లేచి కేసు వదులుకున్నాడు. హూబర్‌ను విశ్వవిద్యాలయం అప్పటికే వెలివేసింది, డాక్టరేటు లాగేసుకుంది. ఫ్రైస్లర్ కేకల మధ్య ఆయన తన వాదన తానే వినిపించాడు. చట్టబద్ధ పాలనకు తిరిగి రమ్మని అడగడం నేరం కాదన్నాడు. పైపై చట్టానికి ఒక హద్దు ఉంటుందనీ, అది దాటితే చట్టం అబద్ధమవుతుందనీ అన్నాడు. రాజు క్రెయాన్ ముందు ఆంటిగొనె చెప్పిందీ అదే. గ్రీకు నాటకం పాఠం చెప్పినవాళ్లు ఆ దేశంలో వేలమంది ఉన్నారు, దాన్ని కోర్టులో నిలబడి చెప్పినవాడు ఈ కాలు ఈడ్చే మనిషి. చెరసాలలో కూర్చుని లైబ్నిజ్ పుస్తకం రాసుకుంటుండగా, జూలై 13న ఆయన్నీ అలెక్స్‌నీ చంపారు. ఇంకా పేర్లు రాబట్టవచ్చని విల్లీ గ్రాఫ్‌ను అక్టోబరు 12 దాకా బతకనిచ్చారు. అతని నోటి నుంచి పేర్లు రాలేదు. హూబర్ భార్యకు రహస్యంగా చందాలు పోగుచేసిన హాన్స్ లైపెల్ట్ అనే రసాయనశాస్త్ర విద్యార్థిని 1945 జనవరి 29న చంపారు. అయిదు రోజుల తర్వాత బెర్లిన్ మీద పడ్డ బాంబుల్లో ఫ్రైస్లర్ పోయాడు.

ఆరో కరపత్రం మాత్రం దేశం దాటింది. హెల్ముట్ ఫాన్ మోల్ట్‌కె అనే మరో నాజీ వ్యతిరేకి దాన్ని స్కాండినేవియా మీదుగా బ్రిటన్ చేర్చాడు. 1943 వేసవిలో బ్రిటిష్ విమానాలు ఆ ప్రతుల్ని జర్మనీ మీద కుమ్మరించాయి. మ్యూనిక్ వీధుల్లో దాచుకుంటూ పంచిన కాగితం ఆకాశం నుంచి రాలింది. మోల్ట్‌కెను కూడా తర్వాత ఉరి తీశారు.

యుద్ధం ముగిశాక చాలామంది పండితులు మళ్లీ తమ కుర్చీల్లో కూర్చున్నారు. హార్డర్‌కు మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఉద్యోగం దొరికింది; 1957లో చనిపోయాడు. ఆయన ప్లోటినస్ అనువాదం మంచిదే. మంచి అనువాదం చేయడానికి మంచి మనిషి కానక్కర్లేదు, ఆ సంగతి మనకూ తెలుసు. కానీ వీళ్లంతా భయపడి బతికారు, అందులో తప్పేముంది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. భయపడి ఊరుకున్నవాళ్లు వేరు. హార్డర్‌ను ఎవరూ బంధించి తీసుకురాలేదు, ఏదో ఒక సాకుతో తప్పుకుని ఉండవచ్చు. ఆయన పని శ్రద్ధగా చేసి ఇచ్చాడు. గ్రీకు చదువుకు పుట్టిల్లు అనిపించుకున్న ఆ విశ్వవిద్యాలయాలు కూలింది 1945 బాంబులకు కాదు, ఆ శ్రద్ధకు.

1949లో పశ్చిమ జర్మనీ రాసుకున్న కొత్త రాజ్యాంగంలో మూడో అధికరణం, మనుషులందరూ చట్టం ముందు సమానులంటుంది. పాతదానిలో ఉన్నది జర్మన్లందరూ అని; ఎవరు జర్మనో తేల్చే అధికారం చేజిక్కించుకుని 1935లో నాజీలు లక్షలమందిని ఆ మాటలోంచి బయటికి నెట్టారు. 1968లో ఇరవయ్యో అధికరణానికి ఇంకో వాక్యం చేర్చారు. ఈ వ్యవస్థను కూలదోయడానికి ఎవడైనా పూనుకుంటే, వేరే దారి లేనప్పుడు, ఎదిరించే హక్కు ప్రతి జర్మన్‌కూ ఉంది.

మ్యూనిక్‌లో ఇప్పుడు మన తెలుగు పిల్లలు చాలామందే చదువుకుంటున్నారు. విశ్వవిద్యాలయం ముందున్న ఆవరణకు ఒకవైపు షోల్ అన్నాచెల్లెళ్ల పేరు, రోడ్డు అవతల హూబర్ పేరు పెట్టారు. లోపల, కాగితాలు రాలిన హాలు పక్కనే చిన్న స్మారక ప్రదర్శనశాల ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లు ఫొటో తీసుకుని వచ్చేయకండి. మూడో కరపత్రం వెతికి, చివరి పేరా దాకా చదవండి.